చిత్రము క్రింద కాలము వ్రాయుడు

కొలమానము లేని భూపటమును మనము పటమనము. వట్టి బొమ్మ యందుము. రెండు ఊళ్ల నడుమ వ్రేలెడు దూరము కలదని గీసి చూపిన చాలదు. ఆ వ్రేలెడు దూరము నేలపై ఎన్ని కిలోమీటర్లో మూలనైనను వ్రాసి యుండవలెను. ఈ నియమమును చిన్న తరగతి బాలుడును ఎరుగును. కాని ఛాయాచిత్రముల విషయమున మనకు ఇంతటి జాగ్రత్త లేదు. ప్రతి ఛాయాచిత్రమునకును ఒక కొలమానము కలదు. అది దూరము కాదు, కాలము. కెమెరా ద్వారము ఎంతసేపు తెరచి యుండెనో ఆ సేపే దాని కొలమానము. విద్యార్థులు తీసిన చిత్రములను పాఠశాలలో గోడల కెక్కించునప్పుడు ప్రతి చిత్రము క్రిందను ఆ కాలమును తప్పక వ్రాయించవలెనని నా అభిప్రాయము. ఇది అల్ప విషయముగా తోచవచ్చును. కాని దీనిలో చదువును కలదు, సత్యమును కలదు.

దసరా సెలవుల తరువాత జలపాతముల చిత్రములును, దీపావళి తరువాత బాణసంచా చిత్రములును ప్రదర్శనములకు విరివిగా వచ్చుచుండును. ఒకే జలపాతమును ఇద్దరు బాలురు తీసికొని వత్తురు. ఒకరి చిత్రమున నీరు తెల్లని పట్టుబట్ట వలె జారుచుండును. రెండవవాని చిత్రమున గాజుపూసలు చల్లినట్లు ప్రతి బిందువును ఆకాశమున నిలిచి యుండును. చూడవచ్చిన పెద్దలు రెంటిని పోల్చి, "వీనిలో నిజమైనది యేది?" అని అడుగుదురు. కొందరు మొదటిది మోసమందురు. కొందరు రెండవదానికి అందము లేదందురు. ఈ వాదము తెగదు. ఏలయన అడిగిన ప్రశ్నయే సరియైనది కాదు. ఎంత కాలమునకు నిజము అని అడుగవలెను. ఆ ప్రశ్నకు జవాబు చిత్రము క్రింద వ్రాసి యున్నచో వాదమే పుట్టదు.

మొదట షట్టరు సంగతి చూతము. వెలుగును లోనికి విడుచుటకును, ఆపుటకును కెమెరాలో నున్న తలుపే షట్టరు. నేటి ఫోనులలో కదలెడి తలుపు లేదు. వెలుగును గ్రహించు పలకయే ఇంత సేపు లెక్కించి ఆగిపోవును. ఫలము మాత్రము ఒక్కటే. దీనిని వాడుకలో షట్టరు వేగమందురు గాని, అంకె తెలుపునది వేగము కాదు, వ్యవధి. 1 సెకను, 1/2, 1/4, 1/8, 1/15, 1/30, 1/60, 1/125, 1/250, 1/500, 1/1000 అని ఈ వ్యవధులు మెట్లుమెట్లుగా నుండును. ఒక్కొక్క మెట్టు దిగినపుడు కాలము సుమారు సగమగును. లోనికి వచ్చు వెలుగును సగమగును. కొన్ని కెమెరాలు 1/125 అనుటకు బదులు 125 అని మాత్రమే చూపును. క్రొత్తగా నేర్చువారు ఆ అంకెను చూచి భ్రమపడకుందురు గాక.

ఇక నీటి లెక్క. అయిదు మీటర్ల ఎత్తునుండి పడిన నీరు, గాలి అడ్డును లెక్కింపని యెడల, సెకనునకు సుమారు పది మీటర్ల వేగమును పొందును. షట్టరు 1/1000 సెకను తెరచినచో ఆ లోపల నీటిబిందువు కదలునది ఒక్క సెంటీమీటరు మాత్రమే. కొంత దూరమునుండి తీసిన చిత్రమున ఆ సెంటీమీటరు కంటికి ఆనదు. బిందువు నిలిచినట్లే యుండును. 1/30 సెకను తెరచినచో అదే బిందువు అడుగుకు మించి జారును. చిత్రమున గీత యగును. అర సెకను తెరచినచో అయిదు మీటర్లకు పైగా దిగిపోవును. అప్పుడు వేలకొలది బిందువుల గీతలు ఒకదానిపై నొకటి పడి తెల్లని పట్టుతెర యగును. నీరు అదియే, శిల అదియే. మారినది కాలమొక్కటే. ఆరవ తరగతి గణితముతో తేలు ఈ సంగతిని జలపాతపు చిత్రము ముందు నిలిచి చెప్పినచో బాలురు మరవరు.

అంగడి యజమాని లెక్కల పుస్తకమును తలంచుడు. అందు ఈ దినపు ఒక్క పద్దును చూపవచ్చును. నెల మొత్తమును చూపవచ్చును. పద్దు నిజమైనంత మాత్రమున మొత్తము అబద్ధమగునా? 1/1000 సెకనులో తీసిన చిత్రము పద్దు వంటిది. నీరు అవిచ్ఛిన్నమైన ధార కాదనియు, పడుచుండగనే త్రాళ్లుగను, ముద్దలుగను, తుంపరలుగను చీలిపోవుననియు అది తెలుపును. అర సెకను చిత్రము మొత్తము వంటిది. నీరు ఏ దారిన ఎక్కువగా పోవుచున్నది, ఏ శిల దానిని ప్రక్కకు త్రోయుచున్నది, ఎచ్చట సుడి తిరుగుచున్నది అను సంగతులను అది తెలుపును. మొదటిది చెప్పునది రెండవది చెప్పలేదు. రెండవది చెప్పునది మొదటిది చెప్పలేదు. అయితే మొత్తమును చూపి, ఇది ఒక్కనాటి పద్దు అని నమ్మించుట మాత్రము దోషము. కాలమును వ్రాయకుండుట వలన వచ్చు దోషము ఇదియే.

ఛాయాచిత్ర కళ పుట్టిన నాటినుండియు కాలము ఇట్లు బొమ్మను మార్చుచునే యున్నది. 1838వ సంవత్సరమున డగేరు అను ఫ్రెంచి దేశస్థుడు పారిసు నగరమున ఒక పెద్ద వీధిని మేడమీదినుండి తీసెను. ఆనాటి పలకలకు వెలుగును గ్రహించు శక్తి తక్కువ కావున ద్వారమును కొన్ని నిమిషములు తెరచి యుంచవలసి వచ్చెను. సందడిగల ఆ వీధిలో బండ్లును జనులును తిరుగుచున్నను చిత్రమున వీధి నిర్జనముగా కనబడును. బూట్లకు మెరుగు పెట్టించుకొనుచు కదలక నిలిచిన ఒక మనుష్యుడు మాత్రము చిక్కెను. కదలినవారందరు మాయమైరి, నిలిచినవాడు మిగిలెను. వ్యవధి తెలియనివాడు ఆ చిత్రమును చూచి, ఆనాడు పారిసు పాడుపడి యుండెనని చెప్పినచో వాని తప్పేమి?

మైబ్రిడ్జి అనువాని చరిత్రము ఇంకను విచిత్రము. అతడు 1872లో అమెరికాలోని యోసెమిటీ లోయలో పెద్ద గాజుపలకలపై జలపాతములను చిత్రించెను. వానిలో నీరు తెల్లని పొగమంచు వలె నున్నది. అది కోరి చేసినది కాదు; ఆ పలకల మాంద్యము వలన కలిగినది. అతడే 1878లో కాలిఫోర్నియాలో పన్నెండు కెమెరాలను వరుసగా నిలిపి, పరుగెత్తు గుఱ్ఱమును సెకనులో అత్యల్ప భాగమున పట్టెను. గుఱ్ఱము నాలుగు కాళ్లును నేల విడిచియుండు క్షణము కలదని తేలెను. అంతవరకు చిత్రకారులు అట్టి గుఱ్ఱమునకు కాళ్లు ముందువెనుకలకు చాచి గీయుచుండిరి. కాళ్లు చాచినప్పుడు గాక, పొట్టక్రిందికి ముడిచినప్పుడే అది నేల విడుచునని ఆ చిత్రములు చూపెను. దీర్ఘకాలమును, అల్పకాలమును ఒక్క మనుష్యుని చేతిలోనే రెండు విధములైన సాక్ష్యములను పలికినవి.

అయినను కొందరు, "మన కంటికి కనబడినట్లుండునదే నిజము, తక్కినది యంత్రపు మాయ" అందురు. కంటికిని వ్యవధి కలదని వారు మరచుచున్నారు. రాత్రివేళ కొరవిని గిరగిర త్రిప్పినచో చీకటిలో అగ్నివలయము కనబడును. మన పూర్వులు దీనిని అలాతచక్రమనిరి. అచ్చట చక్రము లేదు. ఒక్క నిప్పు మాత్రమే కలదు. అది నిన్న మొన్న నున్న చోటులను కాదు, ఇప్పుడే విడిచిన చోటులను కన్ను ఇంకను పట్టుకొని యుండును. అందుచే చక్రము తోచును. దీపావళినాడు పిల్లలు కాకరపువ్వొత్తితో గాలిలో అక్షరములు వ్రాయుట ఇందువలననే. కావున కన్ను చెప్పునదియు ఒక వ్యవధికి చెందిన మాటయే. దానికి మించిన ప్రమాణ పీఠమును వేయ నక్కరలేదు.

ఈ కొరవి సంగతినుండి బాణసంచాకు పోవుట సులభము. ఎగసిన తారాజువ్వ ఆకాశమున పగిలి, మండుచున్న గుళికలను నలువైపుల విరజిమ్మును. 1/500 సెకనులో తీసినచో నల్లని పలకపై కొన్ని చుక్కలు మాత్రమే పడును. అట్టి దృశ్యమును ఏ కన్నును చూచి యుండదు. రెండు మూడు సెకనులు తెరచినచో ప్రతి గుళికయు తాను పోయిన దారిని తానే గీసికొనును. మొదట సూటిగా బయలుదేరి, గాలి అడ్డగింపగా మందగించి, బరువునకు క్రిందికి వంగు గీతలన్నియు కూడి పువ్వగును. ఇది మంచి చిత్రము, మంచి పాఠము కూడ. అయితే పది పండ్రెండు సెకనులు తెరచి యుంచినచో అయిదారు తారాజువ్వలు ఒకదాని తరువాత నొకటి పగిలి, ఒకే పలకపై చేరును. ఆకాశమున ఒక్క మారును కలిసి యుండని పువ్వులతో నిండిన తోట చిత్రమున వెలయును. అందము కలదు; కాదనను. కాని "మా ఊరి ఉత్సవమున ఇంత వైభవము" అని క్రింద వ్రాసి, పండ్రెండు సెకనులని వ్రాయకున్నచో చూచువాడు మోసపోవుట నిశ్చయము.

జలపాతమునకును బాణసంచాకును ఇంకొక భేదము కలదు. జలపాతమున ఒక్కొక్క స్థలముమీదుగ నీరు ఎడతెగక పోవుచునే యుండును. కావున షట్టరు తెరచిన కొలదియు ఆ స్థలము తెల్లబడుచునే పోవును. తుదకు వివరము లేని సున్నపు గోడ యగును. తారాజువ్వ గుళిక అట్లు కాదు. పలకపై ఒక్కొక్క బిందువును అది రెప్పపాటు కాలము మాత్రమే తాకి ముందుకు సాగిపోవును. తరువాత ఎంతసేపు తెరచి యుంచినను ఆ గీత మరింత ప్రకాశింపదు. ఆకాశమును, పొగయు మాత్రము తెల్లబడును. గీత ప్రకాశమును నిర్ణయించునది లెన్సు రంధ్రము. గీత పొడవును నిర్ణయించునది షట్టరు. రంధ్రము మిక్కిలి పెద్దదైనచో స్ట్రాన్షియము లవణముల ఎరుపును, బేరియము లవణముల పచ్చదనమును వెలవెలబోయి తెలుపుగా పడును. షట్టరు ఒక్కటే, అది నీటియెడ ఒక ధర్మమును, నిప్పుయెడ వేరొక ధర్మమును చూపుచున్నది. పుస్తకమున చదివిన పది పుటలకన్న ఈ రెండు చిత్రములను స్వయముగా తీసి చూచుట మేలు.

చేయ దలచిన విద్యార్థులకు కొన్ని మాటలు. దీర్ఘకాల చిత్రమునకు కెమెరా కదలరాదు. ట్రైపాడు కావలెను, లేనిచో బల్లమీద నాలుగు పుస్తకములు పేర్చి ఆనించినను సరిపోవును. మీట నొక్కునపుడు చేయి కదలును గావున రెండు సెకనుల ఆలస్యముతో తీయు ఏర్పాటును వాడవలెను. ఎండగా నున్నపుడు ఐ.ఎస్.ఓ. 100, రంధ్రము ఎఫ్ 16 పెట్టినచో సుమారు 1/125 సెకను సరియగును. జలపాతమునకు అర సెకను కావలెనన్నచో ఆరు మెట్లు ఎక్కవలెను, అనగా వెలుగు అరువదినాలుగింతలగును. దానిని తగ్గించుటకు లెన్సు ముందు నల్లని ఫిల్టరు పెట్టుదురు. మబ్బు దట్టముగా పట్టిన దినమున ఆ ఆరు మెట్లలో సుమారు మూడింటి పనిని మేఘములే చేసిపెట్టును. కావుననే మధ్యాహ్నపు ఎండకన్న మబ్బుగల ఉదయము జలపాతమునకు అనుకూలము. గాలి వీచినచో ప్రక్కనున్న కొమ్మలును చెదరును. అదియు ఆ అర సెకను చెప్పిన నిజమే.

బాణసంచాకు ఐ.ఎస్.ఓ. 100, రంధ్రము ఎఫ్ 8 మొదలు ఎఫ్ 16 వరకు, వ్యవధి రెండు మొదలు నాలుగు సెకనులు అనునది ఆరంభించుటకు తగినది. పొగ తమ వైపునకు రాకుండ గాలి వచ్చు దిక్కున నిలువవలెను. పెద్ద కెమెరాలలో "బల్బు" అను ఏర్పాటు కలదు. మీట నొక్కినంతసేపును షట్టరు తెరచి యుండును. పూర్వము రబ్బరు బుడ్డిని పిసికి గాలిచే షట్టరు తెరచుచుండిరి; ఆ పేరే నేటికిని నిలిచినది. తారాజువ్వ ఎగసినపుడు తెరచి, పువ్వు ఆరినపుడు మూసినచో ఒక్క పువ్వునకు ఒక్క చిత్రము దక్కును. ఇట్లు కాలమును చేతితో కొలిచిన బాలునికి, దానిని చిత్రము క్రింద వ్రాయుట భారము కాదు, గౌరవమే.

ఇచ్చటనే నా ముఖ్యాభిప్రాయము. నేడు పెక్కుమంది బాలబాలికలు ఫోనుతోనే చిత్రములు తీయుచున్నారు. ఫోను వ్యవధిని తానే ఎంచుకొనును. బాలుడు ఎంచుకొనుట లేదు. మంచి చిత్రము వచ్చినను ఏల వచ్చినదో వానికి తెలియదు. చెడినను ఏల చెడినదో తెలియదు. జవాబు సరియై, లెక్క చేసిన విధము లేని కాగితమునకు మేము గణితమున పూర్తి మార్కు లీయము. చిత్రమునకు మాత్రము ఏల ఈయవలెను? "వ్యవధి ఎంత?" అని అడుగుదుమని తెలిసినచో బాలుడు ఫోనులో స్వయముగా వ్యవధిని మార్చు ఏర్పాటు కలదేమో వెదకును. అది లేకున్నను, తీసిన చిత్రపు వివరములలో వ్యవధి సామాన్యముగా నమోదై యుండును. సందేశముగా పంపినపుడు ఆ వివరము తరచుగా తొలగిపోవును గావున మొదటి ప్రతినే చూచి వ్రాసికొనవలెను.

ఫోనులలో పెక్కింటికి లెన్సు రంధ్రమును మార్చు వీలు లేదు. అందుచే అవి పలు అల్పకాల చిత్రములను తీసి, లోపల కలిపి, దీర్ఘకాల చిత్రము వలె కనబరచును. ఇందు నింద్యమైనది లేదు. "ఫోను కలిపిన చిత్రము" అని వ్రాసిన చాలును. కాని ఇప్పుడు మూడవ తెగ యొకటి బయలుదేరినది. జలపాతమును చూడకయే, తారాజువ్వ కాల్చకయే, నాలుగు మాటలు చెప్పి కంప్యూటరుచే కల్పింపజేయు చిత్రములు. అవి మిక్కిలి సొగసుగా నుండును. వానిని చూచి మన పిల్లలు తీసిన చిత్రములు చిన్నబోవునేమో యని భయము కలుగును. అట్టి చిత్రమును తెచ్చిన వానిని దండించుటకన్న, "దీని క్రింద ఎన్ని సెకనులని వ్రాయుదువు?" అని అడుగుట మేలు. వాడు వ్రాయలేడు. ఏ వెలుగునకును ఆ చిత్రము తలుపు తీయలేదు. దానికి కాలమే లేదు. చిత్రలేఖనముగా దానికి వేరొక గోడ చూపవచ్చును. ఛాయాచిత్రముల నడుమ మాత్రము తావీయరాదు. ఇంతకన్న సులభమైన పరీక్ష నాకు తోచలేదు.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. అంకెలు వ్రాసినచో కళకు భంగమని కొందరు. పటము మూల కొలమానము వ్రాసినందువలన పటము వికారమైనదా? సామాన్యులకు ఆ అంకెలు తెలియవని మరికొందరు. తెలియనిచో తెలుపుటకే పాఠశాల యున్నది. ఒకే స్థలమునుండి 1/1000 సెకనులో నొకటియు, అర సెకనులో నొకటియు తీసి, రెంటిని జంటగా వ్రేలాడదీసినచో చదువురాని తల్లియు ఆ అంకెల అర్థమును గ్రహించును. అబద్ధమాడువాడు అంకెను కూడ అబద్ధముగా వ్రాయడా యని ఇంకొకరు. వ్రాయవచ్చును. కాని నీరు పట్టుతెర వలె నున్న చిత్రము క్రింద 1/1000 అని వ్రాసినచో, పైని చెప్పిన లెక్క తెలిసిన ఆరవ తరగతి బాలికయే వానిని పట్టుకొనును. ఆ బాలికను తయారుచేయుటయే మన పని.

తల్లిదండ్రులకు రెండు మాటలు. ఇందుకై వెలగల కెమెరా కొనిపెట్ట నక్కరలేదు. ఇంట నున్న ఫోనుతో ఆరంభింపవచ్చును. కాని పిల్లలను ఒంటరిగా జలపాతములకు పంపకుడు. ఆదిలాబాదు జిల్లాలో కడెం నదిపై నున్న కుంటాల జలపాతమువద్ద జారిపడి ప్రాణములు కోల్పోయినవారు కలరు. పాచిపట్టిన శిలపై నిలిచి తెరవంక చూచువానికి కాలిక్రింది నేల కనబడదు; ఎగువను కురిసిన వానకు నీరు ఆకస్మికముగా పెరుగును. చంద్రవంక వాగుపై నున్న ఎత్తిపోతల వంటి చోట్ల ఎదుటి గట్టునుండి, కంచె ఇవతల నిలిచి తీయుటయే సరియైన పద్ధతి. చిత్రమునకును ఆ దూరమే శోభ. బాణసంచా కాల్చువాడును, చిత్రము తీయువాడును ఒక్కడు కారాదు. పేలని టపాకాయపైకి వంగి చూడరాదు. నీటి బకెట్టు దగ్గర నుండవలెను. ఏ వ్యవధిలో తీసిన ఏ చిత్రమైనను ఒక వ్రేలి విలువ చేయదు.

కావున రాబోవు ప్రదర్శనమునుండి ఒక చిన్న నియమము నేర్పరచుదుము. ప్రతి చిత్రము క్రింద స్థలము, వేళ, వ్యవధి, చేతితో తీసినదియో ట్రైపాడుపై తీసినదియో, ఫోను కలిపినదియో కాదో, ఈ వివరములు ఒక్క వరుసలో నుండవలెను. "ఎత్తిపోతల, ఉదయము, 1/2 సెకను, ట్రైపాడు" అని వ్రాసిన చాలును. న్యాయనిర్ణేతలు బహుమాన మిచ్చుటకు పూర్వము, "ఈ వ్యవధినే ఏల ఎంచుకొంటివి?" అని ఒక్క ప్రశ్న అడుగవలెను. చక్కగా జవాబు చెప్పిన బాలుని చిత్రము కొంచెము మసకయైనను, చెప్పలేనివాని మెరుగు చిత్రముకన్న దానికే నేను ఓటు వేయుదును. తోడి ఉపాధ్యాయులును, పెద్దలును దీనిని ఆలోచింతురు గాక. విద్యార్థులారా, మీరు మాత్రము పెద్దల నిర్ణయమునకై వేచియుండ నక్కరలేదు. ఈ సాయంకాలమే కొళాయి నీటిధారను 1/1000 సెకనులో నొకమారు, 1/4 సెకనులో నొకమారు తీసి, రెంటి క్రిందను కాలము వ్రాయుడు.